జిలానీ చేతి గంధం

గురువారాల్లో దర్గాకు వచ్చినవాళ్ళ నొసట గంధం పెట్టేది జిలానీ. మూడేళ్ళుగా సానరాయి మీద చెక్క అరగదీసేదీ వాడే. ఆ పని మానేస్తానంటూ ఒక గురువారం పొద్దున్నే దర్గా పెద్ద ఖలీల్ బాబా ముందు నిలబడ్డాడు. వాకిట్లో అప్పటికే జనం వరస కట్టారు.

"ఎందుకురా?"

జిలానీ చొక్కా చేతులు పైకి లాగాడు. ఆవగింజలంత ఎర్ర చుక్కలు, మధ్యమధ్య కమిలిన మచ్చలు. వాడికి రక్త క్యాన్సర్. నాలుగు నెలలుగా పట్నం ఆస్పత్రిలో మందులు ఎక్కిస్తున్నారు.

"నిన్న నలభై రెండు చుక్కలు బాబా, ఇవాళ అరవై ఒకటి. ఒంట్లో ప్లేట్‌లెట్లు తగ్గితే ఇట్లా వస్తాయంట. అంటుకునేది కాదని డాక్టరమ్మ చెప్పింది. అయినా పోయిన వారం పదిహేడు మందికి గంధం పెడితే, పదకొండు మంది పోతా పోతా కడవ దగ్గర ఆగి నొసలు కడిగేసుకున్నారు."

"ఇంకేం చెప్పింది డాక్టరమ్మ?"

"జబ్బుల్ని ఆపే శక్తి నాకు లేదంట. వేరేవాళ్ళ నుంచి నాకే తగులుకుంటాయంట."

బాబా లేచాడు. డెబ్బై ఏళ్ళ మనిషి. బయటికి పోయే దారిలో ఉన్న కడవను రెండు చేతులా ఎత్తి, లోపలికొచ్చే గడప ముందు దించాడు. పక్కన సబ్బు పెట్టాడు. అందరూ చూస్తుండగా మోచేతుల దాకా రుద్ది కడుక్కుని, వచ్చి జిలానీ ముందు తల వంచాడు. జిలానీ సానరాయి ముందు కూర్చుని గంధం పెట్టాడు.

వరసలో మొదట ఉన్న వేరుశనగ రైతు ఓబులేసు నవ్వాడు. "ఏంది బాబా, పెండ్లి బంతికి కూర్చోబెట్టినట్టు చేతులు కడిగిస్తాండావే! జబ్బు మాకా, వానికా?"

"జబ్బు వానిది. మురికి మనది. కడుక్కుంటే రా. దగ్గు, జలుబు ఉండేవాళ్ళు ఆడ నుంచే దండం పెట్టుకుని పోండి."

"కడుక్కోకుంటే?"

"నీ నొసలు నీ ఇంటికి తీసుకపో."

ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. ముప్పై మంది ఉన్నారు. వెనకున్నవాళ్ళు అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుంటున్నారు. గొణుక్కుంటూ రెండు చెంబులు కుమ్మరించుకుని లోపలికొచ్చాడు.

జిలానీ సానరాయి ముందు నుంచి లేవలేదు.

"చేతులు చూపించు మామా."

ఓబులేసు చాపాడు.

"గోళ్ళ సందుల్లో మట్టుంది. పోయి మళ్ళీ కడుక్కుని రా."