వెలుగు వెంట నడిచిన నలుసు

అనగా అనగా, సముద్రం పక్కన ఒక ఊళ్ళో వకుళ అనే టీచరమ్మ ఉండేదే, చిట్టితల్లీ. కాలేజీలో బ్యాక్టీరియాను పెంచేది. అంటే కంటికి ఆనని పురుగులన్నమాట. ఆవిడ పెంచినవి పచ్చ వెలుగు పడితే జోరుగా ఈదేవి. వెలుగు తీసేస్తే చతికిలబడేవి.

అప్పుడు వకుళ ఒక నీటిబొట్టులో వాటిని వదిలి, పిండి రేణువుకన్నా చిన్న నలుసు వేసింది. వెలుగు ఎటు జరిపితే అటు, అవన్నీ కలిసి నలుసును నెట్టుకుపోయాయి!

ఆ కాలేజీకి పెద్దసారు సన్యాసిరావు గారు. ఆయనకి అన్నీ అనుమానాలే. మైక్రోస్కోపులో చూసి మొహం చిట్లించారు.

"ఏదో మాయ చేస్తున్నావమ్మా. అబద్ధమని తేలిందో, ఈ గది ఖాళీ చెయ్యాలి."

"సరే సార్, మీరే పరీక్షించి చూడండి" అంది వకుళ.

మొదటిరోజు గాలి మీద అనుమానంతో ఫ్యాన్లు ఆపించారు. నలుసు కదిలింది. రెండోరోజు బల్ల కింద అయస్కాంతం దాచిందేమోనని, ఆ వయసులో మోకాళ్ళ మీద కూర్చుని తడిమారు. ఏమీ దొరకలేదు. నలుసు కదిలింది.

మూడోరోజు, "పురుగుల్ని మరిగించి చంపెయ్. చచ్చినవి నెట్టలేవు కదా?" అన్నారు. అలాగే చేసి వెలుగు వేసింది. అయ్యో, నలుసు మళ్ళీ కదిలింది!

"చూశావా! నాకు ముందే తెలుసు."

ఇప్పుడు వకుళకే తన మీద అనుమానం వచ్చింది. ఇన్నాళ్ళూ నేనే మోసపోయానా? కళ్ళు తుడుచుకుని పచ్చ వెలుగు ఆపేసింది. నలుసు ఆగలేదు!

"సార్, బొట్టు ఆరిపోతోంది. ఆరే నీళ్ళే దాన్ని అంచుకు లాగుతున్నాయి."

అప్పుడు బతికున్నవాటితో ఇంకో బొట్టు వేసి, రెండిటి మీదా గాజుపలకలు మూసి, అంచులకు మైనం పూసింది. చచ్చిన పురుగుల బొట్టులో నలుసు ఉలకలేదు. బతికున్నవాటి బొట్టులో మాత్రం వెలుగు వెంట నడిచింది.

"మరి నిన్నా మొన్నా కదిలిందో?" అని నిలదీశారు పెద్దసారు.

"ఏది నెట్టిందో తెలీదు సార్. ఆ రోజుల్లో రాసుకున్నవన్నీ కొట్టేస్తాను. మొదట్నించీ చేస్తాను."

పెద్దసారు స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"ఆ దీపం ఇలా ఇయ్యి. నా చేత్తో జరిపితేగానీ నమ్మను."

ఎడమకి జరిపారు. నలుసు ఎడమకి వచ్చింది. కుడికి జరిపారు. కుడికి వచ్చింది. గుండ్రంగా తిప్పారు. పాపం, ఆ పూట ఆయన అన్నానికి లేవనేలేదు.

కథ కంచి దారి పట్టింది, మా చిట్టితల్లికి కునుకు పట్టింది.