బొడ్డుతాడు మీద వేలు

తాయారమ్మగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పిన పాపాన పోరు. అడిగినవాడికి ఒక పని అప్పజెప్తారు. పసిపిల్లల వైద్యం నేర్చుకోవడానికి ఆవిడ దగ్గర చేరిన కుర్ర డాక్టర్లందరూ మొదటి ఏడాది దీనికి గొణుక్కుంటారు, రెండో ఏడాది అడగడమే మానేస్తారు. దానియేలు రెండో ఏడాదిలోకి వచ్చినా మానలేదు. అది మొండితనమో అమాయకత్వమో తోటివాళ్లకు అంతుపట్టలేదు.

ఆ వారం ఆసుపత్రిలో అందరి నోటా ఒకటే మాట, లావణ్య కాన్పు. కడుపులో బిడ్డకు మెడ మీద బత్తాయంత గడ్డ ఉందని స్కానింగులో తేలింది. మామూలుగా బయటికి తీస్తే బిడ్డ ఊపిరి పీల్చుకోవడానికి గొంతులో దారి ఉండదు. అందుకని పెద్ద డాక్టర్లు కూర్చుని ఒక పద్ధతి అనుకున్నారు. కడుపు కోసి బిడ్డను భుజాల దాకా మాత్రమే బయటికి తీయాలి, బొడ్డుతాడు కోయకూడదు. తల్లి నుంచి ప్రాణవాయువు అందుతుండగానే గొంతులోకి గొట్టం దించాలి. అది కుదిరాకే తాడు సంగతి.

అంతా విన్న దానియేలుకు తల తిరిగింది. సగం లోపల, సగం బయట, ఊపిరి చూస్తే తల్లిది, ఏడుపు లేదు. "మరి బిడ్డ పుట్టినట్టు ఎప్పుడు మేడమ్?" అని అడిగాడు. మిగతావాళ్లు నవ్వారు. తాయారమ్మగారు నవ్వలేదు. ఆపరేషన్ రోజు తన పక్కన నిలబడమన్నారు, వేళ చెప్పే పని అతనిదేనన్నారు.

వేళ చెప్పడం ఆ ఆపరేషన్ థియేటర్లో ఒక ఆనవాయితీ. బిడ్డ బయటపడగానే పిల్లల విభాగం కుర్రడాక్టరు గోడ గడియారం చూసి "టైమ్" అని గట్టిగా అంటాడు. ఆ మాట చెవిన పడగానే ఆపరేషన్‌లో సాయం చేసే డాక్టరు తాడును నొక్కిపట్టే క్లాంపు బిగిస్తుంది. ఏళ్ల తరబడి అలవాటైన పని, ఇద్దరిలో ఎవరూ ఆలోచించి చేసేది కాదు.

గర్భసంచి బిగుసుకోకుండా లావణ్యకు గాఢమైన మత్తు ఇచ్చారు. తాయారమ్మగారు తాడు మీద రెండు వేళ్లు ఆనించి నిలబడ్డారు. బిడ్డ గుండె కొట్టుకోవడం ఆ వేళ్లకు తెలుస్తూ ఉంటుంది. తల బయటికొచ్చింది, దాని వెనకే గడ్డ, ఆ తర్వాత ఒక భుజం. ఇన్నాళ్లూ ఎదురుచూసిన బిడ్డను చూసేసరికి దానియేలు నోరు దానంతటదే తెరుచుకుంది.

"టైమ్" అన్నాడు.

సాయం చేస్తున్న డాక్టరు చెయ్యి కూడా దానంతటదే కదిలింది. క్లాంపు వచ్చి పట్టుకుంది, కాని దాని కోరల్లో పడింది తాడు కాదు, తాయారమ్మగారి వేలు. ఆవిడ చప్పున మధ్యలో పెట్టేశారు. అమ్మా అని కూడా అనలేదు. "ఇంకా కాలేదు" అన్నారు, అంతే. ఆ డాక్టరు ముఖం పాలిపోయింది, క్లాంపు తీసేసింది.

దానియేలు బిడ్డ నోటి వంక చూశాడు. గొట్టం ఇంకా దిగనే లేదు. తాడు బిగిసి ఉంటే తల్లి నుంచి వచ్చే ఊపిరి ఆగిపోయేది, బిడ్డకు సొంత ఊపిరి ఉండేది కాదు. తను అన్నది ఒక్క మాట, రోజూ అనేదే.

గడ్డ గొంతును ఒక పక్కకు నెట్టేసింది. గొట్టం వేసే డాక్టరుకు మొదటిసారి దారి దొరకలేదు. "కొట్టుకుంటోంది, తొందర లేదు" అని తాయారమ్మగారు మెల్లగా అంటూనే ఉన్నారు. రెండోసారి గొట్టం జారుకుంటూ వెళ్లింది, చిన్న ఛాతీ పైకి లేచింది. అప్పుడు ఆవిడ తాడు మీంచి వేళ్లు తీసి తల ఊపారు. తాడు కోశారు. వేళ చెప్పమని ఎవరూ అనలేదు, దానియేలు గడియారం మాత్రం చూసుకున్నాడు.

బయట లావణ్య తల్లి సన్యాసమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆడపిల్ల అని, ఊపిరి బాగుందని, గడ్డ తర్వాత తీస్తారని దానియేలు చెప్పాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఏ ఏలకి పుట్టింది బాబూ? పంతులుగారికి సెప్పాల."

తన ప్రశ్నే మరో నోట తనకు ఎదురొచ్చేసరికి దానియేలు బిత్తరపోయాడు. తల బయటికొచ్చిన వేళా, ఛాతీ లేచిన వేళా, తాడు కోసిన వేళా? ఇప్పుడే వస్తానని చెప్పి లోపలికి పరుగెత్తాడు. తాయారమ్మగారు కుళాయి కింద వేలు పెట్టుకుని ఉన్నారు. అది కమిలి నల్లబడింది. సిగ్గుతో ఆ వేలి వంక చూడలేక, నేల చూస్తూ, ఏ వేళ చెప్పమంటారని అడిగాడు.

"నువ్వు చెప్పిన వేళ ఇదిగో, నా వేలి మీద ఉంది. తల్లి వదిలిన వేళ చెప్పు" అన్నారు ఆవిడ.

అతనికి ఇంకా అయోమయంగానే ఉంది. "తల్లి మత్తులో ఉంది కదా మేడమ్?"

తాయారమ్మగారు కుళాయి కట్టేశారు.

"ఉంది నాయనా. మత్తులో ఉండి కూడా తాడు కోసేదాకా బిడ్డను పట్టుకునే ఉంది. మెలకువగా ఉన్నది నువ్వు."