మేకు ఉన్న చోటు

మూడు రోజులుగా భానోజీకి అన్నం సహించడం లేదు. రెండు నెలలు కూర్చుని గీసిన బొమ్మ అతనిది. వచ్చినవాళ్లు దాని ముందు కాసేపు నిలబడుతున్నారు. తర్వాత ఏదో పోగొట్టుకున్నట్టు గోడలన్నీ వెతికి వెళ్లిపోతున్నారు.

అది మూతపడ్డ గోనె మిల్లు. పదేళ్ల కిందట నార నిల్వచేసే కొట్టుకి నిప్పంటుకుని నలుగురు పనివాళ్లు పోయారు. మళ్లీ తలుపు తీయలేదు. నారాయుడు గురువుగారూ, ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకున్న ఏడుగురూ ఇలాంటి చోట్లే చూసుకుంటారు. పాడుపడ్డ రేషను గొడౌను, ఆగిపోయిన సినిమా హాలు, ఏదైనా సరే. తాళాలు అడిగి తెచ్చుకుని, ఊడ్చుకుని, బొమ్మలు పెట్టి ఆ పేటవాళ్లనే పిలుస్తారు.

గురువుగారిది ఒకటే పద్ధతి. కొత్త చోటికి వెళ్లిన మొదటి రోజు ఎవరూ ఏ పనీ ముట్టుకోకూడదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఊరికే కూర్చోవాలి.

ఈసారి ఆయన జ్వరంతో పడ్డారు. మిగతావాళ్లు కూర్చున్నారు. భానోజీ కూర్చోలేదు. తన వంతుకి వచ్చిన భోజనాల గది మసి పట్టి ఉంది. గోడల నిండా తుప్పు మేకులు. అన్నీ పీకేసి ఏట్లో పారబోశాడు. చిల్లులు పూడ్చి, నాలుగు గోడలకీ రెండు పూతలు సున్నం కొట్టాడు. గుడ్డ మీద గీసిన తన బొమ్మని ఒక గోడకి మేకులతో కొట్టాడు. మంటల మధ్య నలుగురు మనుషులు, ఒక్కొక్కడూ నిలువెత్తు.

బొమ్మలు పెట్టిన నాలుగో రోజు గురువుగారు తలకి తువ్వాలు చుట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చారు.

"చూడండి గురువుగారూ! వీళ్ల మనుషుల్నే గీశాను. వీళ్లకే పట్టలేదు. కళ్లు లేని జనం."

"మొదటి రోజు కూర్చున్నావా?"

"కూర్చుంటే ఈ గది ఇలా ఉండేదా?"

ఆయన గడప మీద కూలబడ్డారు.

అప్పుడే తవిటమ్మ వచ్చింది. పోయిన నలుగురిలో అప్పన్న అనేవాడి భార్య. చేతిలో సొట్టలు పడ్డ టిఫిన్ క్యారేజీ ఉంది. బొమ్మ దగ్గరికి వెళ్లి ఎగాదిగా చూసింది.

"ఇందులో మా మావ ఎవుడు బావూ?"

"అందరూనమ్మా," అన్నాడు భానోజీ గొప్పగా. "ఆ బాధ అందరిదీను."

"అలాగా," అని ఆవిడ ఎదుటి గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో తడమడం మొదలెట్టింది. వేళ్లకి సున్నం అంటుకుంది.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"మేకు బావూ. ఎవుడి మేకు ఆడిదే. దానికే క్యారేజీ తగిలించుకుందురు. కింద బొగ్గుతో పేరు రాసుకుందురు. మా మావకి రాత రాదు. పీత బొమ్మ గీసుకున్నాడు. పీతోడని అందరూ ఎక్కిరించేవోరు." ఆవిడ కొంచెం నవ్వింది. "ఇంట్లో ఫొటో అయినా లేదు. గేటు తీశారంటే, ఒక్కసారి దీన్ని తగిలించి ఆ పీతని చూసుకుందారని వచ్చాను. సున్నం ఎవరేశారు బావూ?"



గురువుగారు లేచి తువ్వాలు తడిపి తెచ్చారు. గోడ మీద అద్ది, గోటితో నెమ్మదిగా గీరారు. సున్నంతో పాటే బొగ్గు కూడా నల్లటి నీళ్లయి కారిపోయింది. ఆయన చెయ్యి తీసేశారు.

తర్వాత భానోజీ బొమ్మ దగ్గరికి వెళ్లి, ఒక మూల మేకు ఊడబీకారు. గుడ్డ ఆ మూల వేలాడిపోయింది. మేకూ సుత్తీ భానోజీ చేతిలో పెట్టారు.

"ఉన్న చోటే కొట్టు."

భానోజీ గోడ మొత్తం తడిమాడు. చిల్లులు బాగానే పూడ్చాడు. ఎక్కడా వేలికి తగల్లేదు. తవిటమ్మ వైపు చూశాడు. ఆవిడ కిటికీ దగ్గర చూపించింది. కాదేమో అంది. ఇంకోచోట చూపించి, అదీ కాదంది. చివరికి చెయ్యి దించేసింది.

"దొరకలేదు గురువుగారూ."

గురువుగారు తవిటమ్మ దగ్గర క్యారేజీ రెండు చేతులా అందుకున్నారు. భానోజీ చేతిలోంచి మేకూ సుత్తీ తీసుకుని, క్యారేజీ పిడి అతని వేళ్లకి తగిలించారు.

"గోడకి ఆనుకుని నిలబడు."

"ఎంతసేపు?"

"మేకుని ఎవరైనా అడిగారా?"

అతను చెయ్యి చాపి నిలబడ్డాడు. క్యారేజీలో అన్నం ఉన్నట్టుంది, బరువుగా ఉంది. గుమ్మంలోకి వచ్చినవాళ్లు అక్కడే ఆగిపోయారు. ఎవరూ గోడలు వెతకలేదు. ఎవరో ముసలాయన, "పీతోడిది," అన్నాడు మెల్లగా.

తవిటమ్మ నేల మీద కూర్చుని క్యారేజీ వైపే చాలాసేపు చూసింది.

"ఇంకొంచెం కిందకి బావూ," అంది. "మా మావ పొట్టోడు."

భానోజీ మోకాళ్లు వంచాడు.