నాలుగు ఆటోలెక్కిన నాలుగు ఇంకులు

గుమ్మలూరులో తెలివనేది ఎక్కడైనా ఉందంటే అది పోస్టాఫీసు సందులో, పచ్చ తలుపుల ఇంట్లో ఉందని మాణిక్యాంబ నమ్మకం. ఆ నమ్మకం ఆమె తమ్ముడు పానకాలుకీ ఉంది, అతని భార్య భ్రమరాంబకీ ఉంది. ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నాక ఇంకొకళ్ళని అడగాల్సిన పనేముంది? అడగలేదు.

వాళ్ళ తెలివికి రుజువు వాళ్ళ పెన్నులు. ఊరంతా రాసి పారేసే పెన్నులతో కాలక్షేపం చేస్తుంటే, ఈ ముగ్గురూ పాళీ పెన్ను తప్ప ముట్టరు. మాణిక్యాంబది జానెడు పొడుగు నల్ల పెన్ను, లావు పాళీ, నీలినలుపు ఇంకు. ఆమె సంతకం పెడితే ఎదురింటి అరుగు మీద కూర్చుని చదువుకోవచ్చు. పానకాలుది సన్న పాళీ, ఆకుపచ్చ ఇంకు. నెల సరుకుల జాబితా మొత్తం అగ్గిపెట్టె వెనకాల రాసేస్తాడు. కొట్టువాడు దాన్ని చదవలేక తోచిందేదో కట్టిస్తాడు. భ్రమరాంబది కొసని ఏటవాలుగా కోసిన పాళీ, వంకాయరంగు ఇంకు.

ఆదివారం వచ్చిందంటే చాలు, వసారాలో చాప పరిచి ఎవరి పెన్ను గొప్పదో తేల్చుకోవడానికి కూర్చునేవాళ్ళు. తమ్ముడి ఇంకు గోంగూర పిండినట్టుందని అక్క అనేది. అక్క పాళీ తాగే ఇంకుతో అరెకరం తడపొచ్చని తమ్ముడనేవాడు. మీ ఇద్దరి అక్షరాలూ నిలబడే ఉంటాయి, నావి నడుస్తాయి అని భ్రమరాంబ మధ్యలో దూరేది. పొద్దుగూకేదాకా వాదించుకుని, చివరికి ముగ్గురి పెన్నులూ గొప్పవేననీ, ఆ మాట పైకి మాత్రం అనకూడదనీ ఎవరికి వాళ్ళు మనసులో అనుకుని లేచేవాళ్ళు.

ఈ పెన్నుల విద్యలో వాళ్ళకి గురువు ఖాదర్ మేస్త్రి. బస్టాండు మెట్ల కింద బల్ల వేసుకుని పాళీలు సరిచేస్తాడు. ఆయన నవ్వుతూ అన్నదీ, విసుక్కుంటూ అన్నదీ, టీ తాగుతూ అన్నదీ, అన్నీ వాళ్ళు నోటుపుస్తకంలో రాసుకుని పొల్లుపోకుండా పాటిస్తారు. ఒకసారాయన, పెన్నుని పసిపిల్లలా చూసుకోవాలమ్మా అన్నాడు. అంతే. ఆ సాయంత్రమే మూడు పెన్నులకీ ఉయ్యాల కట్టారు, దిష్టి తీశారు. వచ్చిన ఆదివారం పోలియో చుక్కలకి తీసుకెళ్తే నర్సమ్మ వరసలోంచి బయటికి పంపేసింది. పెన్నులకి ఐదేళ్ళు దాటాయి కాబట్టి పంపేసిందని మాణిక్యాంబ అర్థం చేసుకుంది.

ఆ ఇంట్లో నాలుగో మనిషి మందాకిని. మాణిక్యాంబ పెద్ద తమ్ముడి కూతురు. తల్లీ తండ్రీ పోతే నాలుగేళ్ళప్పటినుంచీ మాణిక్యాంబే పెంచింది. పిల్లకి అక్షరాల ఒరవడి రాసిపెట్టింది కూడా ఆ లావు పాళీతోనే. ఆ పిల్లకి తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదుగానీ, రక్తపరీక్షల లాబ్‌లో ఉద్యోగం తెచ్చుకుంది, పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు రత్నరాజుని పెళ్ళి చేసుకుంటానంది.

ఇద్దరి మతాలూ వేరు. ఇంకేముంది, ఊళ్ళో తెలివైనవాళ్ళందరూ మేలుకున్నారు. శాస్త్రం తెలిసినవాళ్ళు శాస్త్రం చెప్పారు, చట్టం తెలిసినవాళ్ళు చట్టం చెప్పారు, రెండూ తెలీనివాళ్ళు పరువు గురించి చెప్పారు. మందాకిని భయపడుతూనే ఇంట్లో చెప్పింది. మాణిక్యాంబ చాలాసేపు ఆలోచించింది. ఆలోచించి ఒక్కటే అడిగింది.

"అబ్బాయి దేంతో రాస్తాడే?"

"పాళీ పెన్నే అత్తయ్యా. నీలం ఇంకు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?"

అంతే, సంబంధం ఖాయమైపోయింది.

అక్కణ్ణుంచే అసలు చిక్కు మొదలైంది. రిజిస్టరు పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. వస్తామన్న తెలివైనవాళ్ళలో ఒకాయనకి ఆ వారమే నడుం పట్టేసింది, ఒకాయనకి పొరుగూళ్ళో పని పడింది, ఇంకొకాయన ఫోనే ఎత్తలేదు. ఇచ్చిన నోటీసు గడువు మర్నాడు సాయంత్రం ఐదింటితో సరి. అది దాటిందా, మళ్ళీ మొదటినుంచీ నోటీసు, మళ్ళీ గోడమీద కాగితం, మళ్ళీ ఊరి పంచాయితీ. అప్పటికి రత్నరాజు వాళ్ళ పెద్దవాళ్ళ మనసు నిలుస్తుందో లేదో. మందాకిని ముగ్గుర్నీ కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది: మధ్యాహ్నం మూడింటికి రండి, పేరూ వయసూ రాసి సంతకం పెట్టండి, ఇంకేమీ చెయ్యొద్దు. ఇంత చిన్న పనికి ఇంత పాఠం ఎందుకా అని మాణిక్యాంబకి నవ్వొచ్చింది. పెంచిన పిల్ల కదా, సరేనంది.

తెల్లవారింది. శుభకార్యం కాబట్టి పెన్నులు కడిగి కొత్త ఇంకు పోయాలి. నీళ్ళల్లో రంగు కనిపించకుండా పోయేదాకా కడగాలని మేస్త్రి మాట. సరేనని కుళాయి కింద కడగడం మొదలుపెట్టారు. వానాకాలం కదా, మునిసిపాలిటీ నీళ్ళు ఎర్రగా వస్తున్నాయి. వీళ్ళ ముగ్గురిలో ఎవరి దగ్గరా ఎర్ర ఇంకు లేదు. అయినా పెన్నులోంచి ఎర్రరంగు పోవడం లేదు. ఎప్పుడో మనకి తెలీకుండా ఎవరో ఎర్ర ఇంకు పోశారని పానకాలు కనిపెట్టాడు. ఇంకేముంది, మరింత గట్టిగా కడిగారు. కుళాయి కట్టేసే వేళైంది, తొట్టి ఖాళీ అయింది, బిందెలు ఖాళీ అయ్యాయి. పెళ్ళికూతురు పక్కింటికెళ్ళి స్నానం చేసొచ్చింది.

రెండింటికి రత్నరాజు మోటారుసైకిలు మీద వచ్చాడు. అందరూ కలిసి ఒక ఆటోలో వచ్చెయ్యండని మందాకిని చెప్పి బండెక్కబోయింది. మాణిక్యాంబ అదిరిపడింది. రెండు రంగులు ఎప్పుడూ కలవకూడదని మేస్త్రి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడు. ఆకుపచ్చా, వంకాయరంగూ, నీలినలుపూ ఒకే ఆటోలో పక్కపక్కన కూర్చుంటే కలవక ఏమవుతాయి? అంతే, మూడు ఆటోలు పిలిచారు. ఎక్కబోతూ పానకాలు ఆగి, అల్లుడి జేబులో నీలం ఇంకు ఉందని గుర్తుచేశాడు. కొత్త అల్లుడు, అడిగితే కాదనలేక పెన్ను తీసి ఇచ్చాడు. దాన్ని నాలుగో ఆటోలో వెనకసీటు మీద ఒక్కదాన్నే పడుకోబెట్టి, జాగ్రత్తగా తీసుకురమ్మని పానకాలు డ్రైవరుకి చెప్పాడు. ఎక్కడికి తీసుకురావాలో చెప్పడం మర్చిపోయాడు. డ్రైవరు పెన్ను వంక చూశాడు, పెన్ను ఏమీ చెప్పలేదు. ఆటో బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. ఎత్తుకి వెళ్ళేటప్పుడు ఇంకు కారుతుంది, పాళీ పైకి ఉండాలని ఒకసారి విమానమెక్కే ఆసామీకి మేస్త్రి చెబుతుంటే వీళ్ళు విని రాసుకున్నారు. రెండో అంతస్తు ఎత్తు కాక పల్లమా? ముగ్గురూ పెన్నుల్ని పిడికిళ్ళలో నిలువుగా పట్టుకుని, చేతులు తలలపైకెత్తి, ఒకరికొకరు పది మెట్ల దూరంలో ఎక్కడం మొదలుపెట్టారు. కింద వానకి నిలబడ్డ జనం చూశారు. ఇదేదో ధర్నా అనుకున్నారు. ఎందుకో తెలీకపోయినా పదిహేనుమంది వెనకాల చేరి పిడికిళ్ళెత్తారు. ఒకాయన జిందాబాద్ కూడా అన్నాడు. పైనున్న వాచ్‌మన్ గబగబా కటకటాల తలుపేసి తాళం పెట్టాడు. మందాకిని లోపల్నుంచి వచ్చి బతిమాలి, వీళ్ళు నా సాక్షులని చెప్పి, తాళం తీయించేసరికి మూడున్నర. ఇంతమంది పెళ్ళికొచ్చారని మాణిక్యాంబ గుండె ఉప్పొంగింది.

వివాహాధికారి శరభయ్యగారు నెమ్మదస్తుడు. వధూవరులచేత ప్రమాణం చెప్పించి, తన బాల్‌పెన్నే ఇచ్చి సంతకాలు పెట్టించారు. పుస్తకాన్ని సాక్షుల వైపు తిప్పి, వయసు రాసి సంతకం పెట్టమన్నారు. పానకాలు ముందుకొచ్చాడు. కొత్త ఇంకు పోసిన పాళీని ఎనిమిది అంకె వేసి పరీక్షించాలి, ఏ కాగితం మీద రాస్తామో ఆ కాగితం మీదే పరీక్షించాలి. వయసు గడి ఖాళీగా కనిపించింది. చక్కగా ఎనిమిది వేశాడు. పాళీ బ్రహ్మాండంగా నడిచింది.

సాక్షికి ఎనిమిదేళ్ళా అని శరభయ్యగారు అడిగారు. అదృష్టం కొద్దీ పానకాలుకి యాభై ఎనిమిది. ముందొక ఐదు చేరిస్తే సరిపోయింది. ఇది చూసి భ్రమరాంబ కూడా తన గడిలో ఎనిమిది వేసింది. వేసి, ముందు నాలుగు చేర్చింది. ఆధార్ కార్డు చూస్తే యాభై ఒకటి. పాళీ తనంతట తాను ఎనిమిది వేశాక దాన్ని కాదనడం తనవల్ల కాదంది. శరభయ్యగారే దాన్ని కొట్టేసి, పక్కన పొడి అక్షరాలు పెట్టి, యాభై ఒకటి వేశారు. తన మూడేళ్ళు తనకి తిరిగొచ్చినందుకు భ్రమరాంబ కళ్ళు తుడుచుకుని, ఏటవాలు పాళీతో ఇంత వెడల్పున వంకాయరంగు సంతకం పెట్టింది. సాక్షులు ఏ రంగుతో పెట్టినా తప్పు లేదులెండని శరభయ్యగారు తనకి తానే చెప్పుకున్నారు.

ఇక మాణిక్యాంబ. ఆమె పెన్ను మూత తీసి, అలాగే నిలబడింది. పైవాళ్ళ సంతకం తడారందే కింద చెయ్యి పెట్టకూడదు. బయట ముసురు. వంకాయరంగు నిగనిగలాడుతూనే ఉంది. నాలుగయింది, నాలుగుంబావయింది. అద్దుడు కాగితం పెడదామని మందాకిని అంటే మాణిక్యాంబ ఒప్పుకోలేదు. సగం సంతకం అద్దుడు కాగితానికి అంటుకుంటుందని మేస్త్రి చెప్పాడు. సగం సంతకంతో సగం పెళ్ళే అవుతుంది, మిగతా సగం అద్దుడు కాగితంతో అవుతుంది. ఆడపిల్ల జీవితం, ఆమె అంత తేలిగ్గా తీసుకునే మనిషి కాదు.

శరభయ్యగారికి ఫోనొచ్చి కిటికీవైపు తిరిగారు. ఆయన తిరిగి చూసేసరికి బల్ల మీద పుస్తకం లేదు, గదిలో పానకాలు లేడు.

ఎండలో పెడదామని పానకాలు పుస్తకాన్ని వరండాలోకి తీసుకెళ్ళాడు. ఎండ లేదు. వెచ్చదనం ఎక్కడుందా అని చూస్తే కింద టీకొట్లో పొయ్యి కనిపించింది. అంతే. శరభయ్యగారు రెండంతస్తులూ రెండు గెంతుల్లో దిగొచ్చేసరికి, గుమ్మలూరులో ఐదేళ్ళుగా జరిగిన రిజిస్టరు పెళ్ళిళ్ళన్నీ పాల గిన్నె పక్కన, అప్పడాన్ని కాల్చినట్టు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ధర్నాకొచ్చిన పదిహేనుమందీ చుట్టూ నిలబడి, ఇంకాస్త ఎత్తులో పట్టమని సలహా ఇస్తున్నారు. పుస్తకం మూల గోధుమరంగు తిరిగింది, ఇంకేం కాలేదు. దాన్ని గుండెకి హత్తుకుని ఆయన మెట్లెక్కారు. వెనకాల పానకాలు, ఆరింది సార్ ఆరింది, అని ధైర్యం చెబుతూ ఎక్కాడు.

నాలుగూ యాభై. మాణిక్యాంబ అరవై ఏడని వేసి, సంతకం పెట్టింది. ఎదురు గదిలోవాళ్ళకి కూడా కనిపించింది.

శరభయ్యగారు తన బాల్‌పెన్ను తీసి కింద సంతకం పెట్టబోయారు. మెట్ల మీద వాన జల్లు తగిలి మెత్తబడ్డ కాగితం మీద అది జారుతోందేగానీ పడటం లేదు. విదిలించారు, అరిచేతిలో గీశారు, నోటి ఆవిరి పట్టారు. లాభం లేదు. గుమాస్తా సెలవులో ఉన్నాడు, అల్లుడి పెన్ను ఇంకా ఆటోలో ఊరు తిరుగుతోంది. పానకాలు తన పెన్ను అందించాడు. ఆకుపచ్చతో పెడితే పై అధికారులు సంజాయిషీ అడుగుతారన్నారు. భ్రమరాంబ అందించింది. దాన్ని చూసి ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇక మిగిలింది నీలినలుపు.

అందరూ మాణిక్యాంబ వైపు చూశారు.

ఆమె పెన్నుని రెండు చేతులతో పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళనాడు మేస్త్రి దీన్ని అమ్ముతూ చెప్పిన మొదటి మాట: పాళీ ఒక చేతికి అలవాటు పడుతుందమ్మా, ఇంకొకళ్ళ చెయ్యి పడిందంటే ఇక నీది కాదు. ఆ మాట విని ఆమె కన్నతల్లికి కూడా ఇవ్వలేదు. గోడ గడియారం నాలుగూ యాభై ఆరు చూపిస్తోంది. మందాకిని చేతులు కట్టుకుని, పెదవి కొరుకుతూ నేలవైపు చూస్తోంది, నాలుగేళ్ళప్పుడు అక్షరం తప్పొస్తే చూసినట్టే.

మాణిక్యాంబ పెన్ను చాచింది.

"తీసుకోండి బాబూ. ఇకనుంచి మీదే."

ఒక్క నిమిషానికి ఇచ్చేస్తానండీ అని శరభయ్యగారు సంతకం పెట్టారు, గుండ్రటి ముద్ర వేశారు. ఐదవడానికి రెండు నిమిషాలుందనగా మందాకిని, రత్నరాజు చట్టప్రకారం మొగుడూ పెళ్ళాలయ్యారు. ధర్నాకొచ్చినవాళ్ళు మళ్ళీ జిందాబాద్ అన్నారు, ఈసారి దేనికో తెలిసి. మందాకిని మేనత్త మెడ చుట్టూ చేతులేసి చాలాసేపు వదల్లేదు. మాణిక్యాంబ ఆనందంగానే ఏడ్చింది. కానీ తిరిగిచ్చిన పెన్నుని కొంగుతో పట్టుకుంది, పరాయి సొత్తు కదా.

మర్నాడు కొత్త జంట రత్నరాజు ఊరెళ్ళింది. ఇల్లు బోసిపోయింది. పిల్లకి ఉత్తరం రాయాలని మాణిక్యాంబ ప్రాణం కొట్టుకుపోయింది. రాయడానికి పెన్నుందిగానీ చెయ్యి లేదు. ముగ్గురూ కూర్చుని ఆలోచించారు. పెన్ను శరభయ్యగారి చేతిదైనప్పుడు, ఆ చేతి దగ్గరికి వెళ్ళడమే పద్ధతని ముగ్గురికీ ఒకేసారి తట్టింది. ఇంత తెలివి ఒకే ఇంట్లో ఉండటం మంచిదేనా అని భ్రమరాంబకి కాస్త భయం కూడా వేసింది.

పదిన్నరకి ఆఫీసు తలుపు తీసేసరికి మాణిక్యాంబ పెన్నూ, ఇన్‌లాండు కవరూ పట్టుకుని నిలబడి ఉంది. శరభయ్యగారు అటూ ఇటూ చూశారు. బల్ల మీది పుస్తకాన్ని చప్పున సొరుగులో పెట్టి తాళం వేశారు. రాసిచ్చేస్తే త్వరగా వెళ్ళిపోతుందనుకుని పెన్ను అందుకున్నారు.

ఆమె చెప్పింది, ఆయన రాశారు. చిట్టితల్లీ అని మొదలుపెట్టి, నువ్వు లేక అన్నం సయించడం లేదనీ, తలకి నూనె పెట్టుకోవడం మానొద్దనీ, పశువులాసుపత్రి వాసన వంటింట్లోకి రానియ్యొద్దనీ రెండు పేజీలు. మధ్యలో ఆయనే ఒకసారి ఆగి మంచినీళ్ళు తాగారు. చివర సంతకం మీరు పెట్టండమ్మా అని పెన్ను ఇవ్వబోయారు.

"నేనెలా పెడతాను బాబూ, చెయ్యి మీదైతే?"

శరభయ్యగారు తనే సంతకం పెట్టి, అలవాటు ప్రకారం ముద్ర కూడా వేసి ముగించారు:

ఇట్లు, నీ మేనత్త, కె. శరభయ్య, వివాహాధికారి.