జవాబు వచ్చేదాకా మోగే గంట

"సర్, ఈ ఓడలో నా మాట ఎవరూ వినడం లేదు" అంది వినూత్న.

చీఫ్ ఇంజనీరు జిలానీ తన కేబిన్ కిటికీ దగ్గర, ఖాళీ పెయింటు డబ్బాలో పెంచుకుంటున్న పుదీనాకి నీళ్ళు పోస్తున్నాడు. బందరు మనిషి. ఉప్పుగాలికీ, డీజిల్ వాసనకీ మధ్య ఆ పుదీనా ఎలా బతికిందో ఓడలో ఎవరికీ తెలీదు. ఆయన నీళ్ళు పోయడం ఆపలేదు.

"ఎవరూ అంటే?"

"ముఖ్యంగా సెకండ్ ఇంజనీరు వీర్రాజు గారు. వారం నుంచి నాతో మాటల్లేవు. పని చెప్పాల్సొస్తే నా వెనకున్న గోడకి చెప్పి వెళ్ళిపోతున్నారు. గోడ బోల్టులు బిగిస్తుందా సర్? నా పాయింట్లు..."

"ఎన్ని?"

"మూడు."

"అయితే కూర్చో" అన్నాడు చీఫ్.

వినూత్న కూర్చోలేదు. పాయింట్లు కూర్చుని చెప్పే అలవాటు ఆమెకి లేదు.

ఆమె ఆ ఓడలో జూనియర్ ఇంజనీరు. ఇంజన్ గదిలో వరసలో ఐదోది కాబట్టి, మన ఓడల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి ప్రకారం అందరూ 'పాంచ్ సాబ్' అనేవారు. సాబ్ జడ వేసుకుంటుందని పిలుపేమీ మారలేదు. కాలేజీలో ఉన్నప్పుడు డిబేట్లలో ఆమె గెలిచిన కప్పులకి గాజువాకలో వాళ్ళింట్లో చోటు చాలక, ఒకదాంట్లో వాళ్ళమ్మ చింతపండు దాస్తోంది. అవతలివాడు నోరు తెరిచేలోపే వాడేమంటాడో పట్టేసి, వాడు ముగించేలోపే జవాబు తయారుగా పెట్టుకోవడం ఆమె విద్య. ఆ విద్య వట్టిదేం కాదు. 'ఆడపిల్లకి ఇంజన్ రూమేంటమ్మా' అన్న ప్రతివాడినీ దాంతోనే దాటుకుని వచ్చింది. ఆ నోరే లేకపోతే ఆమె ఓడ నిచ్చెన ఎక్కేదే కాదు.

"మొదటి పాయింటు. తప్పు నాది కాదని ఆ రోజే అందరి ముందూ రుజువు చేశాను. రెండోది. మనం ఏం చెప్పినా ఆయన 'ఆయ్' అంటారు. అవునా, కాదా, ఒప్పుకున్నారా, లేదా? ఏమీ తెలీదు. 'ఆయ్' ఒక జవాబా సర్?"

"కాదా?"

"కాదు. మన మాట చెవిన పడిందని చెప్పడం, అంతే. ఈ వారం అదీ లేదు! మూడోది..."

"మూడోది నేను చెప్తాను" అన్నాడు చీఫ్, చెంబు పక్కన పెడుతూ. "విశాఖ చేరాక మీ ఇద్దర్లో ఒకళ్ళే ఈ ఓడలో ఉండాలన్నాడు వీర్రాజు. సెకండ్ ఇంజనీరుని నేను దింపలేను."

వినూత్న అప్పుడు కూర్చుంది. ఓడ అప్పటికే విశాఖ బయట లంగరు వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే డాల్ఫిన్ ముక్కు కొండ కనబడుతోంది. ఎక్కడ దించినా బాధే, సొంత ఊళ్ళో దించితే అది ఊరేగింపు. వాళ్ళమ్మ చేపల పులుసు క్యారేజీతో హార్బరు గేటు దగ్గరికి వచ్చేస్తుంది. 'ఏమే, అప్పుడే ఇంజను పాడైపోయిందా?' అంటుంది.

ఇంతకీ జరిగింది ఇది.

ఓడకి కరెంటు ఇచ్చే జనరేటర్‌కి నూనె ఫిల్టర్లు రెండుంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది శుభ్రం చేసి పక్కన సిద్ధంగా ఉంచుతారు. వారం క్రితం, ఒకదాన్నుంచి రెండోదానికి మార్చమని వీర్రాజు ఆమెకి పురమాయించాడు. ఆయనది కాకినాడ. మాట నిదానం. చెప్పేదానికి ముందు ఒక 'అంటే ఏంటంటేనండి', మధ్యలో ఇంకొకటి.

"అంటే ఏంటంటేనండి, ఆ రెండోది శుభ్రం చేసి పెట్టాం కదండి, అది ఖాళీగా..."

"అర్థమైంది సర్. రెండోది తెరిచి, మొదటిది మూసెయ్యాలి."

"ఆయ్. కాపోతే ఏంటంటేనండి..."

"తెలుసు సర్" అని ఆమె అప్పటికే సగం దూరం వెళ్ళిపోయింది.

ఖాళీ ఫిల్టర్లో ఉండేది గాలి. ముందు దాన్ని నూనెతో నింపి, గాలి బయటికి పంపి, అప్పుడు మార్చాలి. అలా చెయ్యకపోతే నూనె బదులు గాలి వెళ్ళి జనరేటర్ గొంతుకి అడ్డం పడుతుంది. పడింది. దగ్గింది. ఆగింది. సముద్రం మధ్యలో ఓడంతా చీకటి, ఉక్కపోత, నిశ్శబ్దం. అత్యవసర దీపాల వెలుగులో వంటవాడు సగం ఉడికిన బిర్యానీ గిన్నె పట్టుకుని, ఎవర్ని తిట్టాలో తెలీక సముద్రాన్ని తిట్టాడు.

కరెంటు వచ్చాక అసలు గొడవ మొదలైంది. 'గాలి తియ్యమని మీరు చెప్పనే లేదు' అన్న ఒక్క మాట మీద వినూత్న అరగంట నిలబడింది. వీర్రాజు ఏ వాక్యం ఎత్తుకున్నా దాన్ని ఆమే పూర్తి చేసి, ఆమే ఖండించింది. చివరికి ఆయన మొహం ఎర్రబడి, "ఆడపిల్లలకి చెప్పి లాభం లేదండి" అనేసి వెళ్ళిపోయాడు. వాదన ఆమె గెలిచింది. ఆ వారమంతా గోడతో కలిసి డ్యూటీ చేసింది.

చీఫ్ టోపీ పెట్టుకున్నాడు.

"ఓడని రేవులోకి నడిపించే పైలట్ వచ్చే వేళైంది. టెలిగ్రాఫ్ పరీక్ష చెయ్యాలి" అన్నాడు. "ఎప్పుడూ కింద నా పక్కన నిలబడతావుగా. ఇవాళ నువ్వు పైకి వెళ్ళు. కెప్టెన్‌కి చెప్పాను. కింద నేను చూసుకుంటా."

"మరి నా విషయం సర్?"

"ముందు పరీక్ష కానీ."

టెలిగ్రాఫ్ అంటే కెప్టెన్ ఓడ నడిపే పై గదికీ ఇంజన్ గదికీ మధ్య మాట నడిపే యంత్రం. పైనొకటి, కిందొకటి. గుండ్రటి ముఖం మీద 'మెల్లగా ముందుకు', 'సగం వేగం', 'ఆపు', 'వెనక్కి' అని గుర్తులుంటాయి. పైవాళ్ళ ముల్లూ, కిందవాళ్ళ ముల్లూ రెండు చోట్లా కనబడతాయి. పైవాళ్ళు పిడి తిప్పి ముల్లుని ఒక గుర్తు మీద పెడితే రెండు చోట్లా గంట మోగుతుంది. కిందవాళ్ళు తమ ముల్లుని సరిగ్గా అదే గుర్తు మీదికి తేవాలి. అప్పుడే గంట ఆగుతుంది. ఆ తర్వాతే ఇంజను మీద చెయ్యి వెయ్యాలి. కొత్త ఓడల్లో ఇదంతా బటన్ల వ్యవహారం. ఈ ఓడ పాతది. దీని గంట కూడా పాతదే. చచ్చినవాళ్ళని లేపే రకం.

పైన కెప్టెన్ డిక్రూజ్ కాఫీ కప్పుతో నిలబడి, "కానీ పాంచ్ సాబ్" అన్నాడు.

వినూత్న పిడిని 'మెల్లగా ముందుకు' దగ్గరికి తిప్పింది. గంట మొదలైంది.

కింది ముల్లు కదల్లేదు.

కాసేపు చూసి ఫోనెత్తింది. "సర్, మెల్లగా ముందుకు ఇచ్చాను."

"అర్థమైంది" అన్నాడు చీఫ్.

"మరి జవాబు?"

"ఎందుకు? నువ్వు పిడి ముట్టుకోకముందే తెలుసు ఏం అడగబోతున్నావో."

"తెలిస్తే చాలదు సర్! ముల్లు తిప్పాలి."

"ఓహో" అన్నాడు చీఫ్.

ముల్లు కదిలింది. 'మెల్లగా' దాటి, ఠీవిగా వెళ్ళి 'సగం వేగం' మీద కూర్చుంది. గంట మోగుతూనే ఉంది.

"సర్, అది సగం! నేనడిగింది మెల్లగా!"

"నువ్వు అడిగినదానికంటే ఇదే మంచిదమ్మా. మూడు పాయింట్లున్నాయి. మొదటిది..."

కెప్టెన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి రెండు చెవులూ మూసుకున్నాడు. "పాంచ్ సాబ్! ఆ గంట ఆపు!"

"నేనెలా ఆపగలను సర్?" వినూత్న గంట మోతని మించి అరిచింది. "నేనన్నది ఆయన నాకు తిప్పి చెప్పాలి! అప్పటిదాకా ఆయన ఎంత తెలివిగా మాట్లాడినా ఇది..."

తన మాట తన చెవినే పడి ఆమె ఆగిపోయింది.

ఫోన్లో చీఫ్ గొంతు తాపీగా వస్తోంది. "...ఇహ రెండో పాయింటుకొస్తే..."

"అక్కర్లేదు సర్" అంది వినూత్న, చిన్నగా.

ముల్లు వెనక్కి వచ్చింది. 'మెల్లగా ముందుకు' మీద ఆగింది. గంట ఠక్కున నోరు మూసుకుంది. ఆ నిశ్శబ్దంలో కొండ వైపు నుంచి కాకుల అరుపులు వినబడ్డాయి.

"దేవుడికి స్తోత్రం" అన్నాడు కెప్టెన్. ఆయన కాఫీ చల్లారిపోయింది.

మిగతా గుర్తులన్నీ సాఫీగా నడిచాయి. పరీక్ష ముగించి వినూత్న మెట్లు దిగింది. కంట్రోల్ రూమ్, అంటే ఇంజన్ గదిలో మనిషి మాట మనిషికి వినబడే ఒకే ఒక్క గాజుగది. చీఫ్ అక్కడ టెలిగ్రాఫ్ పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు. వీర్రాజు మీటర్లు చూస్తున్నాడు. ఆమె రావడం చూసి మరో మీటరు వైపు తిరిగాడు.

"సెకండ్ సాబ్, ఆ రోజు ఫిల్టరు గురించి మీరేం చెప్పారో మళ్ళీ చెప్తారా?" అంది.

"ఎందుకండి? మళ్ళీ ఓడించడానికా?" అన్నాడు ఆయన, మీటరుతో.

వినూత్నకి అప్పటికే నాలుక చివర ఒక జవాబుంది. మంచి జవాబు. కప్పు వచ్చే జవాబు. దాన్ని మింగింది.

"కాదండి. వినడానికి."

వీర్రాజు తిరిగాడు. అనుమానంగా చూశాడు.

"అంటే ఏంటంటేనండి, రెండోది ఖాళీగా ఉంటాదండి. దాన్ని ముందు నింపుకోవాలండి."

ఆయన ఆగాడు. ఆమె వెళ్ళిపోతుందని ఆగాడు. ఆమె వెళ్ళలేదు.

"ముందు రెండోదాన్ని నింపాలి" అంది.

"ఆయ్. గాలంతా పోయి నూనె చుక్క కనపడేదాకా చూడాలండి."

"గాలి పోయి, నూనె కనబడేదాకా చూడాలి."

"ఆయ్. అప్పుడు మార్చుకోవాలండి."

"అప్పుడు మార్చాలి. అంతేనాండి?"

"కాపోతే ఏంటంటేనండి..."

వినూత్న చేతులు వెనక్కి కట్టుకుంది. వీర్రాజు ఆ 'కాపోతే' తర్వాత చాలాసేపు వెతుక్కున్నాడు. వారం నుంచి ఆ వాక్యం ఆయన దగ్గరే ఉంది. చోటు దొరక్క చెప్పలేదు.

"మొదటిసారి మార్చేటప్పుడు మీ పక్కన నేను నిలబడాలండి. నిలబడలేదు. అరవకముందే ఆ మాట చెబ్దామనుకున్నానండి. మీరు చెప్పనివ్వలేదు."

వినూత్న ఆ మాట కూడా తిప్పి చెప్పింది.

"మీరు నా పక్కన నిలబడాల్సింది. ఆ మాట నేను చెప్పనివ్వలేదు." ఊపిరి తీసుకుంది. "తప్పు నాదండి. జనరేటర్లోకి గాలి పంపింది నేనే."

"ఆయ్" అన్నాడు వీర్రాజు. ఆ వారంలో ఆమెకి దక్కిన మొదటి నిఖార్సయిన ఆయ్ అది.

ఆయన మళ్ళీ మీటర్ల వైపు తిరగబోయాడు.

"ఆగండి. నాది కూడా ఒక మాటుంది" అంది వినూత్న.

బత్తాయి మీద చీఫ్ చేతులు ఆగాయి.

"ఒకటేనా అండి?" అన్నాడు వీర్రాజు, భయంగా.

"ఒకటే. తప్పు చేసింది వినూత్న. మీరు తిట్టింది ఆడపిల్లల్ని. నన్నెంత తిట్టినా పడతాను. ఆ మాట మాత్రం పడను."

గాజు అవతల జనరేటర్ హాయిగా ఊపిరి పీలుస్తోంది. వీర్రాజు చీఫ్ వైపు చూశాడు. చీఫ్ బత్తాయి వైపు చూశాడు.

"ఆయ్" అన్నాడు వీర్రాజు.

"ఉహూ" అంది వినూత్న. కదల్లేదు. "పూర్తిగా అనండి."

వీర్రాజు తల గోక్కున్నాడు. చేతి గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. గుడ్డకున్న గ్రీజు బుగ్గకి అంటింది.

"తప్పు చేసింది మీరండి. నేను తిట్టింది ఆడపిల్లల్నండి. మిమ్మల్ని తిట్టొచ్చండి. ఆ మాట అనకూడదండి." కొంచెం ఆగి, సొంతంగా ఒక ముక్క కలిపాడు. "మా అమ్మాయి వింటే నాకు అన్నం పెట్టదండి."

వినూత్నకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు.

పైలట్ ఓడెక్కుతున్నాడని పైనుంచి కబురొచ్చింది. వీర్రాజు కంగారుగా గ్లవ్స్ తొడుక్కుంటూ, అద్దం తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"రేవులోకి వెళ్ళాక ఆ ఫిల్టరు మళ్ళీ మార్చాలండి. మీరు మార్చాలి. పక్కన నేనుంటానండి. రేవు దాటాక కూడానండి."

రేవు దాటాక కూడా. వినూత్న ఆ మాటని లోపల రెండుసార్లు తిప్పుకుంది. దీనికి ఆమె దగ్గర మూడు పాయింట్లున్నాయి. మూడూ మంచివే.

"ఆయ్" అంది.

చీఫ్ బత్తాయిని మూడు వాటాలు చేసి, పెద్ద వాటా ఆమె చేతిలో పెట్టాడు.

"గంట ఆగింది" అన్నాడు.