రంపపు బిగువు గౌరి నోము కథ

నోము పట్టినవారందరును అక్షతలతోబాటు చిటికెడు రంపపు పొట్టును చేత నుంచుకొని, తుమ్ము రాకుండ ముక్కుకు కొంగు అడ్డము పెట్టుకొని ఈ కథ వినవలెను.

పూర్వమొకనాడు చిత్రికముని బాడిస మహర్షి ఆశ్రమమున కేగి నమస్కరించి, "స్వామీ, కొయ్య కోయువారు తిన్నగా గీత గీచి, తిన్నగా నిలబడి, తిన్నగా తోసినను పలక మాత్రము పాము నడక నడచుచున్నది. ఏ నోము నోచిన ఈ వంకర తీరును?" అని అడిగెను. మహర్షి గడ్డములోని చెక్కపేళ్ళు దులుపుకొని, "మంచి మాట అడిగితివి. పార్వతీదేవి విశ్వకర్మ భార్యకు చెప్పగా, ఆమె గోడవతలివారికి చెప్పగా, నేను వింటిని. నీవును వినుము" అని ఇట్లు చెప్పెను.

గౌతమీతీరమున దారుకాపురమందు పాపయాచారి యను వడ్రంగి కలడు. అతని ఇల్లాలు మాణిక్యాంబ, తల్లి తిరుపతమ్మ. వారి ముంగిట నొక కోతమర కలదు. దానికి పైనొక చక్రము, క్రిందనొక చక్రము. ఆ రెంటిని చుట్టి పండ్లుగల ఉక్కుపట్టీ రంపము తిరుగును. పై చక్రమునకు పిడి యొకటి. ఇటు త్రిప్పిన పట్టీ బిగియును, అటు త్రిప్పిన వదులగును. ఆ పిడి మీదనే బిగువు గౌరి కొలువుండును.

ఆ సంగతి పాపయాచారికి తెలియదు. తెలిసినను ఒళ్ళు వంగదు. నిన్న తిరిగిన రంపము నేడు తిరుగదా యని పిడి ముట్టకయే మీట నొక్కెడివాడు. గౌరికి కోపము వచ్చెను. పట్టీ వదులై, కొయ్యలో ఏ ముడి ఎటు నెట్టిన అటు పోయెను. పలకలు అప్పడములవలె వంగి వచ్చెను. వాటితో తలుపులు చేయించుకొన్న ఎదురింటి గంగరాజు పరుగున వచ్చి, "ఏవండీ ఆచారిగారూ! తలుపు మూస్తే సందులోంచి కుక్క లోపలికొచ్చేస్తోంది. తీద్దామంటే రాక మేం లోపలే ఉండిపోతున్నాం!" అని మొరపెట్టెను. పాపయాచారి మొదట చెట్టుది తప్పనెను, పిమ్మట గోడదనెను, తుదకు కుక్కదనెను. బేరములు తగ్గిపోయెను. తిరుపతమ్మ దిష్టి తగిలినదని మరకు గుమ్మడికాయ కట్టెను. కాయ కుళ్ళెను గాని కోత తిన్నన కాలేదు.

అంతలో ఆయుధపూజ వచ్చెను. తిరుపతమ్మ బొట్టు పెట్టబోయి పట్టీని తాకగా అది తడిజడవలె ఊగెను. "ఛీ! ఇంత వదులేంట్రా! ఇలాగైతే లక్ష్మి జారిపోదూ?" అని కొడుకుచేత, స్తంభమునకు కాలు తన్నిపట్టి మరీ, పిడిని కడకంట బిగింపించెను. దానిపై పసుపు తోరము కట్టి, "ఇది విప్పినవాళ్ళు నా చేతి ముద్ద తినరు" అని శపథము చేసెను. అన్నముతో వచ్చిన శపథము గనుక ఎవ్వరును పిడి జోలికి పోరైరి.

కొన్నాళ్ళు కోత తిన్నగా వచ్చెను. తిరుపతమ్మ ఆ గొప్ప ఊరంతయు చెప్పుకొనెను. కాని ఎండయనక వానయనక పట్టీ బిగిసియే యుండుటచేత మరలోని స్ప్రింగు సత్తువ తగ్గెను, చక్రముల రబ్బరు నొక్కుకొనిపోయెను, పండ్ల మొదట వెండ్రుకవంటి పగుళ్ళు పుట్టెను. మర దబుక్కు దబుక్కు మని ఎగిరిపడుచుండెను. అది పూనకమని తిరుపతమ్మ హారతి ఇచ్చెను.

ఇట్లుండ, చాలకాలమునకు మాణిక్యాంబ కడుపు పండెను. కోడలు కాపురమునకు వచ్చిననాడు తిరుపతమ్మ స్వహస్తములతో నాటిన పనసచెట్టు కలదు. ఆ కొయ్య ఊయలలోనే మనుమలను ఊపవలెనని ఆమె ముచ్చట. చెట్టు కొట్టించి, మ్రాను నారబెట్టి, నెలలు నిండునాటికి మర కెక్కించిరి. పట్టీ వంకరలు పోయి సగము మ్రానును పొయ్యిపాలు చేసి, ఫటేలున తెగెను. ఎవరికిని దెబ్బ తగులలేదు. తిరుపతమ్మ మాత్రము దుంగలగుట్ట మీద కనబడెను. ఎట్లెక్కెనో ఆమెకును తెలియదు. మిగిలిన కొయ్య ఒక్క ఊయలకే చాలును. అదియు పాడైన వేరు చెట్టు లేదు.

కొత్తపట్టీ తెచ్చి, తోరము విప్పకయే పిడి త్రిప్పి ఎక్కించిరిగాని కోయుటకు గుండె చాలక కూర్చుండగా, మిట్టమధ్యాహ్నమున నొక ముత్తైదువ కాలు విరిగిన పీట చంకనబెట్టుకొని వచ్చి, మాణిక్యాంబ కన్నీటికి కారణ మడిగి విని నవ్వెను.

"అమ్మాయ్, పొద్దున్నే జడ బిగించి అల్లుకుంటావు. పడుకునేప్పుడు వదులు చేసుకోవూ?"

"చేసుకుంటానండీ. లేకపోతే తలనొప్పి."

"మరి దానికి తల లేదనుకున్నారా? పైనొకటి, కిందొకటి, రెండున్నాయి!"

తిరుపతమ్మ గయ్యిమని, "తోరం విప్పమంటావా? ఎవరమ్మా నువ్వు?" అనెను.

"పెళ్ళికంకణమే పదహార్రోజుల పండక్కి విప్పేస్తారు వదినా. దీనికి కలకాలం కట్టుంచితే, పాపం, మర కాపురమెప్పుడు చేస్తుంది?"

తిరుపతమ్మ కొంగు సర్దుకొని దగ్గరకు జరిగి చెవి యొగ్గెను.

అంతట ముత్తైదువ నోము విధాన మిట్లు చెప్పెను. ప్రొద్దుట కరెంటు ఆపియుండగనే చక్రముల నంటిన పొట్టు తుడువవలెను. సన్నపట్టీకి కొంచెముగా, వెడల్పుపట్టీకి గట్టిగా, దాని ఒంటికి తగినట్లు పిడి బిగింపవలెను. ప్రక్కనుండి వ్రేలితో నొక్కిన దోరమామిడివలె ఉండవలెను. పచ్చికాయవలె మొండికేయరాదు, పండువలె దిగబడరాదు. చక్రమును చేతితో త్రిప్పి, పట్టీ తన దారిలో నిలిచినదని చూచి, అప్పుడే మీట నొక్కవలెను. సాయంకాలము ఎద్దుకు కాడి దించినట్లు పట్టీ వదులు చేసి, పిడికి తోరము కట్టవలెను. తోరమున్నంతసేపు ఎవ్వరును మీట ముట్టరాదు. కట్టుటయు విప్పుటయు ఇంటి పెద్దావిడ పని.

కడపటి మాట వినగానే తిరుపతమ్మ ముఖము విప్పారెను. మజ్జిగ తెచ్చునంతలో ముత్తైదువ లేదు, పీట మాత్రముండెను. ఆ సాయంకాలమే పట్టీ వదులు చేసిరి, తిరుపతమ్మ పాత తోరమునకే మరియొక ముడి వేసెను.

మరునాడు ప్రొద్దుటనే మాణిక్యాంబకు నొప్పులు మొదలాయెను. పాపయాచారి బిడ్డకన్న ముందు ఊయల పలకలు కోయవలెనను కంగారున మ్రాను మరపై కెత్తి మీటకు చేయి చాచెను. మంత్రసానికి వేడినీళ్ళు తెచ్చుచున్న తిరుపతమ్మ గడపలోనుండి చూచి, "ఒరేయ్ పాపాయ్! చెయ్యి తియ్యి! తోరం ఉందిరా!" అని కేక వేసెను. అతడు కొయ్యబారిపోయెను. పట్టీ వదులుగనే యున్నది! ఎవ్వరును విప్పరాదన్న తోరమును ఆమె తన వ్రేళ్ళతో తానే విప్పి, "బిగించు. నొక్కి చూడు. దోరకాయలా ఉందా? అప్పుడు కొయ్యి. ముద్ద సంగతి నేను చూసుకుంటాలే" అనెను.

అతడట్లే చేసెను. పనసలో రంపము వెన్నలో కత్తివలె నడచెను. కడపటి పలక విడివడిన క్షణముననే లోపల ఆడపిల్ల కెవ్వుమనెను. గౌరి యని పేరు పెట్టిరి. బారసాలనాటికి ఊయల సిద్ధమై, కిర్రుమనకుండ ఊగెను. పాపయాచారి ముత్తైదువ పీటకు కొత్త కాలు వేసి, తోరము విప్పువేళ తల్లి కూర్చుండుటకు మర చెంత నుంచెను. గంగరాజుకు వేరు తలుపులు కోసి ఇచ్చెను. కుక్క బయట నిలిచి మొరిగెను.

కావున మర త్రిప్పువారు, చిత్రిక పట్టువారు, నులకమంచము బిగించువారు, వీణ మీటువారు, కోడండ్రు గల అత్తలు, అత్తలు గల కోడండ్రు ఈ నోము నోచవలెను. నోచినవారికి పలక తిన్నగా వచ్చును, వ్రేళ్ళు పదియు నిలుచును, తలుపు మూసిన మూయబడును, పోయిన బేరము తిరిగివచ్చును. ఉద్యాపనమునకు కాలు కదలని పీట నొక ముత్తైదువకు వాయన మీయవలెను. ఆమె ఎవరో అడుగరాదు.

కథలో మాట తప్పినను మరలో బిగువు తప్పరాదు. సందెవేళ వదులు మరువరాదు. అక్షతలు శిరమున, పొట్టు పొయ్యిలో వేయుడు.