నిద్ర లేచినా పలకని కీబోర్డు

చెంగల్రాయుడికి ఆ పొద్దు కాలు ఒకచోట నిలవలేదు. మఠంలో కంప్యూటరు నిద్రలోంచి లేచింది, తెర వెలిగింది, మౌసూ కదిలింది. కీబోర్డు మాత్రం పలకలేదు. ఏ మీట నొక్కినా తెర మీద ఒక్క అక్షరం పడదు.

మదనపల్లెకు ఎగువన ఒక గుట్ట మీద ఉంది ఆ మఠం. నిత్యబోధస్వామి, ఇద్దరు ముగ్గురు శిష్యులు, ఒక పాత జీపు, ఎవరో భక్తుడు ఇచ్చిపోయిన ఈ కంప్యూటరు. జీపు నడపడం, కంప్యూటరు చూడడం రెండూ చెంగల్రాయుడి పనులే. ఇక్కడికి రాకముందు అతను కాలేజీలో కంప్యూటరు పాఠాలే చెప్పేవాడు. అందుకే ఆ మొండిదాని మీద కోపం రెండింతలైంది.

తొందర ఊరికే రాలేదు. వచ్చే పౌర్ణమికి అతనికి సన్యాసదీక్ష. కొత్త కాషాయవస్త్రం ఉతికి, మడిచి, స్వామి గదిలో పీట మీద పెట్టి ఉంది. ఆ గది ముందునుంచి పోయినప్పుడల్లా అతని చూపు అటే లాగేది. మిగతా మఠాల పెద్దలకు ఆహ్వానం టైపు చేసి ఇవాళే పంపాలి. తన దీక్షకు తనే ఆహ్వానం రాసుకోవడం కొంచెం సిగ్గుగానే ఉంది. అయినా ఇంకొకరికి అప్పగిస్తే తప్పులు పడతాయని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

తీగ ఊడబీకి మళ్లీ పెట్టాడు. వెనక పెట్టింది తీసి ముందువైపు పెట్టి చూశాడు. బోర్లించి దులిపితే రెండు బొరుగులు రాలాయి, అంతే. కంప్యూటరు మొత్తం ఆపి మళ్లీ పెడితే కీబోర్డు బుద్ధిగా పనిచేసింది. హమ్మయ్య అనుకుని, ఏ మఠం పేరు ముందు రాయాలా అని ఆలోచిస్తూ వరండాలో కాసేపు అటూ ఇటూ తిరిగాడు. వచ్చేసరికి కంప్యూటరు మళ్లీ నిద్రపోయింది. లేపితే మళ్లీ మొదటికొచ్చింది.

చెంగల్రాయుడు అరచేత్తో కీబోర్డుకు ఒక్కటిచ్చాడు.

"దెబ్బ తగిలిందని కూడా తెలిసినట్టు లేదే దానికి," అన్నారు వెనకనుంచి నిత్యబోధస్వామి. జబ్బుపడిన భక్తుణ్ణి చూడడానికి తెల్లవారకముందే పక్క పల్లెకు నడిచిపోయిన ఆయన అప్పుడే తిరిగొచ్చారు. పాదాల నిండా ఎర్రదుమ్ము.

"ఇది నన్ను పిచ్చోణ్ణి చేస్తా ఉంది సామీ."

"నిద్ర లేచిందా?"

"లేచింది సామీ. అంతా బాగుంది. పిలిస్తే పలకడమే లేదు."

స్వామి స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నారు. "మేలుకుని ఉండి కూడా పలకడంలేదంటే ఏదో కారణం ఉంటుంది. నెమ్మదిగా చూడు. నేనూ చూస్తా."

చెంగల్రాయుడు మౌసుతోనే సెట్టింగుల్లోకి పోయాడు. ఒకటి తెరిచాడు, కాదని మూశాడు, ఇంకొకటి తెరిచాడు. వెతగ్గా వెతగ్గా కీబోర్డు పేరు కింద ఒక మూల చిన్న టిక్కు కనపడింది.

"ఇదీ దొంగ!"

"కళ్లజోడు గదిలో ఉండిపోయింది నాయనా. నాకు వినపడేట్టు చదువు."

"కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటరుకు అనుమతి ఉంది, అని ఉంది సామీ. నిద్రపోయేటప్పుడు కరెంటు మిగులుతుందని కీబోర్డును ఆపేస్తా ఉంది. లేచినాక మళ్లీ కలపడం లేదు."

"ఎంత మిగులుతుంది?"

"ఎంత సామీ! లెక్కలోకే రాదు."

"లెక్కలోకి రానిదాని కోసమా!" అన్నారు స్వామి.

చెంగల్రాయుడు టిక్కు తీసేశాడు. కంప్యూటరును నిద్రపుచ్చి లేపి, మీట నొక్కాడు. అక్షరం పడింది. అతని ముఖం విప్పారింది. వెంటనే 'శ్రీ' అని కొట్టి ఆహ్వానం మొదలుపెట్టాడు.

స్వామి స్టూలు మీదినుంచి లేవలేదు.

"పొద్దున ఓబులమ్మ వచ్చిందా?"

మీటల మీద వేళ్లు ఆగిపోయాయి. ఓబులమ్మ గుట్ట కింద పల్లె నుంచి మఠానికి పాలు పోసే ముసలామె.

"వచ్చింది సామీ. వాళ్లకు బస్సు రాలేదంట. మనవరాలు కుసుమకు పదో తరగతి పరీక్ష ఉంది, జీపులో దింపమని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ధ్యానం అయిన వెంటనే నోరు తెరిస్తే కూడబెట్టిందంతా పోతుందని, ఎండ మెట్ల మీదికి వచ్చేదాకా నేను పలకను కదా సామీ. కళ్లు మూసుకునే ఉన్నా."

"ఆమె మాట వినపడిందా?"

"వినపడింది."

ఈ నియమం స్వామి పెట్టింది కాదు. చెంగల్రాయుడు తనంతట తానే పెట్టుకున్నాడు. వచ్చిన జనం అతని మౌనం చూసి దూరంనుంచే దండం పెట్టిపోతుంటే లోపల తియ్యగా ఉండేది. ఓబులమ్మ కూడా పొద్దున నాలుగైదుసార్లు పిలిచి, సమాధిలో ఉన్నాడు కాబోలని చెంపలేసుకుని దిగిపోయింది. అదీ అతనికి అప్పుడు తియ్యగానే ఉంది.

"నేను పోయిన పల్లె దగ్గర దారిలో కనపడినారు వాళ్లిద్దరూ," అన్నారు స్వామి. "పిల్ల పరిగెత్తుతా ఉంది. ముసలామె వెనకబడిపోయింది. టమోటా లారీ ఒకటి వస్తే చెయ్యి అడ్డం పెట్టి పిల్లను ఎక్కించినా."

"టయానికి చేరిందా సామీ?"

"నాకేం తెలుసు? పరీక్ష వదిలే వేళ అయింది. పోయి ఆ పిల్లనే అడుగు."

చెంగల్రాయుడు జీపు తీశాడు. బడి గేటు దగ్గర కుసుమ పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది. గౌను మీద టమోటా మరక ఎండిపోయింది.

"ఎట్లా రాసినావు తల్లీ?"

"తెలిసినవే వచ్చినాయి సామీ. లేటుగా పోతే మొదట లోపలికి రానీలేదు. ఏడిస్తే రానిచ్చినారు. వెనక ప్రశ్నలు రాసేదానికి టయం చాలలేదు." అట్టను ఇంకా గట్టిగా అదుముకుంది. "తప్పితే చదువు మాన్పించి తోటలో పనికి పెడతానన్నాడు మా నాయన."

జీపు కదిలింది. ముందు సీటు చినిగి స్ప్రింగు పైకి తేలింది. గతుకు వచ్చినప్పుడల్లా కుసుమ అంచుకు జరుగుతోంది.

"మీరు ధ్యానంలో ఉన్నారని మా అవ్వ చెప్పింది," అంది. "లేపితే పాపమంట. బస్సును నమ్ముకోవడం మాదే తప్పు సామీ."

గుట్ట కనపడగానే చెంగల్రాయుడు జీపు వేగం తగ్గించాడు. ఇక ఉండలేకపోయాడు.

"నేను మేలుకునే ఉన్నా కుసుమా."

కుసుమ తల తిప్పి అతన్ని చూసింది. తర్వాత ముఖం రోడ్డు వైపు తిప్పుకుంది. దిగేటప్పుడు వస్తానని కూడా చెప్పలేదు.

మఠానికి వచ్చి కంప్యూటరును లేపితే కీబోర్డు పలికింది. తెర మీద 'శ్రీ' ఉంది. దాని తర్వాత ఏం రాయాలో చెంగల్రాయుడికి తోచలేదు. ఆహ్వానం ఆ రోజు పోలేదు, మరునాడూ పోలేదు.

తర్వాతి పరీక్ష రోజున అతను ధ్యానంలోంచి లేచి, ఎండ కోసం చూడకుండా జీపు బయటికి తీశాడు. స్వామి గదిలోంచి వచ్చారు. చేతిలో మడత విప్పని కాషాయవస్త్రం. చెంగల్రాయుడు గబగబా దిగి, వంగి, రెండు చేతులూ చాచాడు.

స్వామి అతన్ని దాటుకుని జీపు దగ్గరికి పోయారు. ఆ బట్టను మడత విప్పకుండానే, చినిగిన సీటు మీద పరిచి, అంచులు లోపలికి దోపారు. అరచేత్తో అదిమి చూశారు.

"ఇప్పుడు గుచ్చుకోదులే," అన్నారు.

చెంగల్రాయుడు చాచిన చేతులతో అట్లాగే నిలబడిపోయాడు. కాసేపటికి ఆ చేతులు రెండూ జోడించాడు.

కింద మెట్ల మొదట్లో కుసుమ తన అవ్వ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. పిలవాలా వద్దా అని పైకి చూస్తోంది.

"వస్తా ఉన్నా తల్లీ!" అని చెంగల్రాయుడు గుట్టంతా వినపడేట్టు కేకేశాడు.